"అది నిజమైన మతమేనా?" అని జనాన్ని అడిగేటప్పుడు

అందరికీ నమస్కారం.

2012లో అమెరికాలో "60 మినిట్స్" కార్యక్రమం, "వానిటీ ఫెయిర్" పత్రిక కలిసి చేయించిన సర్వేలో, 1950లలో అమెరికాలో మొదలై తనను మతంగా చెప్పుకునే సైంటాలజీ నిజమైన మతమేనా అని అడిగారు. 70 శాతం మంది కాదన్నారు. 13 శాతం మంది అవునన్నారు. మిగిలినవాళ్లు తెలియదనో, మాకు పట్టదనో అన్నారు. ఈ 70ని చూపించి "ప్రజలే తేల్చేశారు" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అసలు ఆ అంకె దేన్ని కొలిచిందో ఈరోజు విప్పి చూద్దాం.

"కాదు" అన్న ఐదుగురిని ఊహించుకోండి. ఒకరికి ఆ బోధలు నమ్మశక్యంగా లేవు. మరొకరికి ఆడిటింగ్ (సభ్యుణ్ని ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగే ఆధ్యాత్మిక సాధన) పేరుతో సభ్యుల దగ్గర డబ్బు తీసుకోవడం నచ్చదు. మూడో మనిషికి 1977లో సైంటాలజీ కార్యాలయాల్లో ఎఫ్‌బీఐ చేసిన సోదాలు గుర్తున్నాయి. ప్రభుత్వ కార్యాలయాల నుంచి పత్రాలు దొంగిలించిన ఆ వ్యవహారంలో స్థాపకుడు ఎల్. రాన్ హబ్బర్డ్ భార్య మేరీ స్యూతో సహా 11 మంది దోషులుగా తేలారు. నాలుగో మనిషికి కోపమంతా పన్ను మినహాయింపు మీదే. ఐదో మనిషికి పేరు తప్ప ఇంకేమీ తెలియదు. ఐదుగురూ ఒకే గడిలో టిక్కు పెట్టారు. బోధ, సంస్థ నడత, చట్టపరమైన హోదా, సభ్యుల చిత్తశుద్ధి అనే నాలుగు వేర్వేరు సంగతులు ఒక్క ప్రశ్నలో కలిసిపోతే, వచ్చిన జవాబును మళ్లీ విడదీయడం ఎవరివల్లా కాదు.

కోర్టులు ఈ ముడిని ఎప్పుడో విప్పాయి. 1944లో "ఐ యామ్" అనే అమెరికన్ ఆధ్యాత్మిక ఉద్యమానికి చెందిన బల్లార్డ్ కుటుంబం మీద నడిచిన మోసం కేసులో, ఆ నమ్మకాలు నిజమా కాదా అన్నది జ్యూరీ తేల్చే విషయం కాదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. వాటిని చెప్పినవాళ్లు స్వయంగా నమ్మారా లేదా అన్నంతవరకే విచారణ. ఆస్ట్రేలియాలో సైంటాలజీ సంస్థ విక్టోరియా రాష్ట్రానికి పేరోల్ పన్ను (జీతాల మీద యజమాని కట్టే పన్ను) కట్టాలా అన్న వివాదం 1983లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టుకు చేరినప్పుడు ఇద్దరు న్యాయమూర్తులు రెండు కొలతలు పెట్టారు: ప్రకృతికి అతీతమైన శక్తి, వస్తువు లేదా తత్త్వం మీద నమ్మకం ఉండాలి, ఆ నమ్మకాన్ని ఆచరణలో పెట్టే నియమాలు ఉండాలి. సైంటాలజీ ఆ కొలతకు సరిపోయింది. స్థాపకులు మోసగాళ్లే అయినా, అనుచరుల నమ్మకం మతం కాకుండా పోదన్నది అక్కడి తర్కం. నా దృష్టిలో ఈ అంశంపై వచ్చిన తీర్పుల్లో అన్నిటికంటే స్పష్టమైనది ఇదే.

బ్రిటన్ దారి వంకరగా సాగింది. దేవుడి ఆరాధన లేదు కాబట్టి ఇది ప్రార్థనాస్థలం కాదని 1970లో అప్పీలు కోర్టు చెప్పింది. బౌద్ధాన్ని మినహాయింపుగా వదిలేసింది. 2013లో సుప్రీంకోర్టు దాన్ని పక్కనపెట్టి, లండన్‌లోని సైంటాలజీ చాపెల్‌లో పెళ్లికి దారి తెరిచింది. 1999లో ధార్మిక సంస్థగా నమోదు చేయడానికి చారిటీ కమిషన్ మాత్రం ఒప్పుకోలేదు. ఒకే దేశంలో ఒకే సంస్థకు పెళ్లి విషయంలో ఒక జవాబు, ధార్మిక హోదా విషయంలో ఇంకో జవాబు. ఇందులో వైరుధ్యం లేదు, ప్రశ్నలే వేరు. ఫ్రాన్స్‌లో 2009లో పారిస్ కోర్టు రెండు సైంటాలజీ సంస్థలకు మోసం నేరం కింద మొత్తం 6 లక్షల యూరోల జరిమానా వేసింది. అది మతమా కాదా అని తేల్చకుండానే మోసాన్ని శిక్షించవచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకే బాధితుల గోడు వినాలంటే ముందు "ఇది మతం కాదు" అని నిరూపించాలన్న వాదన నాకు ప్రమాదకరంగా కనిపిస్తుంది. అది నిరూపణ కాకపోతే బాధితుడికి దారే మిగలదు.

ఇక సర్వే సంగతి. మొదట "ఈ పేరు విన్నారా, ఎంతవరకు తెలుసు" అని అడగాలి. ఇది తప్పనిసరి, ఎందుకంటే తెలియని విషయం మీద కూడా జనం అభిప్రాయం చెప్పేస్తారు. అమెరికాలోని సిన్సినాటీలో పరిశోధకులు ఉనికిలోనే లేని "1975 ప్రజా వ్యవహారాల చట్టం" గురించి అడిగితే దాదాపు మూడోవంతు మంది అనుకూలమనో వ్యతిరేకమనో చెప్పారు. "తెలియదు" అనే గడిని పైకి చదివి వినిపించకపోతే ఇలాంటి జవాబులు పేరుకుపోతాయి.

తర్వాత నాలుగు సంగతులకూ నాలుగు ప్రశ్నలు. సభ్యులు మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా? సంస్థ వాళ్లతో నిజాయితీగా వ్యవహరిస్తోందా? మిగతా మతాలకున్న పన్ను మినహాయింపు దీనికీ ఉండాలా? బోధలు మీకు సమంజసంగా అనిపిస్తాయా? ప్రతి ఒక్కరికీ ఒకే వరుసలో అడగకండి. డబ్బు ప్రశ్న ముందొస్తే ఆ చేదు తర్వాతి జవాబులన్నిటికీ అంటుకోవచ్చు. శాంపిల్‌ను రెండు సగాలు చేసి వరుస మార్చండి. వెయ్యి మందిని చెరి 500గా విడదీస్తే, రెండు సగాల మధ్య తేడా సుమారు 6 పాయింట్లు దాటితేనే దాన్ని వరుస ప్రభావంగా లెక్కలోకి తీసుకోవాలి. అంతకు తక్కువైతే అది కేవలం శాంపిల్ ఊగిసలాట కావచ్చు.

పోల్చడానికి ఇంకో మతాన్నీ చేర్చండి. 2011లో ప్యూ సంస్థ అమెరికన్లను మార్మన్ మతం క్రైస్తవమేనా అని అడిగితే 51 శాతం అవునన్నారు, 32 శాతం కాదన్నారు. 1830లో మొదలైన చర్చి పరిస్థితే అది. పోలిక లేకుండా సైంటాలజీకి వచ్చిన 70ని ఒంటరిగా చూస్తే, అందులో కొత్తదనం మీద అనుమానం ఎంతో, ఈ సంస్థ మీద అనుమానం ఎంతో తెలియదు.

సభ్యుల సంఖ్య దగ్గర ఇంకా పెద్ద పొరపాటు జరుగుతుంది. అమెరికా మత గుర్తింపు సర్వే ప్రకారం సైంటాలజిస్టులు 2001లో 55 వేలు, 2008లో 25 వేలు. "సగానికి పైగా పడిపోయారు" అని రాసేశారు. 2008లో సర్వే మాట్లాడింది 54,461 మందితో, అప్పటి వయోజన జనాభా దాదాపు 22 కోట్ల 80 లక్షలు. లెక్క వేయండి: ఆ 25 వేల వెనక ఉన్నది సుమారు ఆరుగురు. 2001 అంకె వెనక పదమూడు మంది. పదమూడు నుంచి ఆరుకు రావడం యాదృచ్ఛికంగానూ జరగొచ్చు.

జనగణనలో శాంపిల్ బెడద ఉండదు, కానీ ఇంకో బెడద ఉంది. 2001లో ఇంగ్లండ్, వేల్స్‌లో 3,90,127 మంది తమ మతం "జెడై" (స్టార్ వార్స్ సినిమాల్లోని యోధుల పేరు) అని రాశారు. సైంటాలజిస్టులు రెండు వేలు కూడా లేరు. మొదటి అంకెలో సరదాకి రాసినవాళ్లు ఎందరో ఆ ఫారం చెప్పలేదు.

కాబట్టి మీరు పత్రికలో సర్వే ఫలితం వేసేవాళ్లయితే, శాతంతో పాటు ప్రశ్న పూర్తి పాఠం, దానికి ముందు అడిగిన ప్రశ్న, "తెలియదు" అన్నవాళ్ల శాతం వేయండి. పేరు కూడా వినని వాళ్లను విడిగా చూపని సర్వే అయితే దాన్ని శీర్షికకు ఎక్కించకండి.