డెలావేర్ ఒడ్డున రాతి ఇల్లు

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాలకు డెలావేర్ నదే సరిహద్దు. దాదాపు 40 మైళ్ల పొడవున ఆ నదినీ రెండు ఒడ్లనూ కలిపి 1965లో జాతీయ వినోద ప్రాంతం చేశారు. న్యూజెర్సీలో ఉండే మనవాళ్లు వేసవి సెలవుల్లో పిల్లలతో వెళ్లే డెలావేర్ వాటర్ గ్యాప్ అదే. అక్కడ వాల్‌ప్యాక్ దగ్గర, ఓల్డ్ మైన్ రోడ్డు పక్కన, వాన్ క్యాంపెన్ ఇన్ అనే రాతి ఇల్లుంది. కట్టింది 18వ శతాబ్దం మధ్యలో. పేరు చూసి పూటకూళ్ల ఇల్లనుకుంటారు కానీ, అది రైతు ఇల్లే. దారినపోయేవాళ్లకు రాత్రి పడక ఇవ్వడానికి అనుమతి ఉన్న ఇల్లు.

ఈ ఇల్లున్న లోయ మొత్తం నీళ్ల పాలు కావలసింది. 1955 ఆగస్టు వరదల తర్వాత ఆ నదిలోని టాక్స్ ఐలండ్ అనే లంక దగ్గర ఆనకట్ట తలపెట్టారు. జలాశయం పొడవు 37 మైళ్లు. ఆనకట్ట కోసం వేలమందిని ఖాళీ చేయించారు, ఎన్నో ఇళ్లు కూలగొట్టారు. చివరికి 1975లో నదీ పరీవాహక రాష్ట్రాల గవర్నర్లు 3–1 ఓట్లతో వద్దన్నారు. ఆనకట్ట రాలేదు, వెళ్లినవాళ్లూ తిరిగి రాలేదు. మనుషులు లేని ఇల్లు పాడవడానికి వాన చాలు. చూరు కారినా, నీటిగొట్టం ఆకులతో పూడుకుపోయినా చూసే నాథుడుండడు. పొయ్యి వెలగదు కాబట్టి గోడ ఆరదు.

నిలిచిన ఇళ్లనైనా సరిగ్గా కాపాడుకోవాలంటే గోడ స్వభావం తెలియాలి. ఆ కాలపు రాతిగోడను పొలంలో ఏరిన ముడిరాళ్లతో, రెండు ముఖాలుగా పేర్చి, మధ్యలో చిన్న రాళ్లూ మట్టీ సున్నమూ కూరి కట్టేవారు. లోపలికి చేరిన చెమ్మ రాళ్ల సందుల్లోని సున్నం గుండా బయటికి ఆరిపోతుంది. ఆ సందుల్ని సిమెంటుతో మూస్తే చెమ్మ గోడ కడుపులోనే ఉండిపోతుంది. అక్కడి చలికాలంలో గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. రాయి మెత్తనిదైతే పెచ్చులూడుతుంది. గట్టిదైతే లోపలి మట్టి నాని జారి, గోడ పొట్ట ముందుకొస్తుంది. మన పల్నాడులో, కర్నూలులో గానుగ సున్నంతో కట్టిన పాత ఇళ్లకు సిమెంటు పూసి చెడగొడుతున్నదీ ఇలాగే. మన దగ్గర మంచు లేదు కానీ, గోడ అడుగున ఉప్పు పొంగి పూత రాలుతుంది.

బాగుచేసే పద్ధతి నిదానమైనది. ముందు చూరు, నీటిగొట్టాలు సరిచేయాలి. అవి కారుతుండగా గోడ ముట్టుకోవడం డబ్బు దండగ. తర్వాత సందులో పాత సున్నాన్ని ఉలి, చిన్న సుత్తితో చేత్తోనే తీయాలి. గ్రైండర్ పెడితే రాతి అంచులు తెగిపోతాయి, వాటిని మళ్లీ తేలేం. సందు వెడల్పుకు రెండు, రెండున్నర రెట్ల లోతు తీయాలి. అరంగుళం సందైతే అంగుళం పైనే. దుమ్ము కడిగి గోడను తడపాలి, కానీ నీళ్లు నిలిచి ఉండకూడదు. పొడిరాయి సున్నంలోని తడి పీల్చేసుకుంటుంది, సున్నం పొడిపొడిగా రాలుతుంది. సందులో నింపడానికి నానిన సున్నం ఒక పాలు, జల్లించిన గరుకిసుక రెండున్నర నుంచి మూడు పాళ్లు కలపాలి. పావంగుళం మందాన ఒక పొర నొక్కి, బొటనవేలి గోరు దిగనంతగా బిగిశాకే పై పొర వేయాలి. ఒకేసారి నింపితే ఆరేటప్పుడు కుంచించుకుని నెర్రెలిస్తుంది.

సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో, అదీ కాస్త తడి ఉంటేనే. అందుకే ఎండ పడే గోడకు తడి గోనెపట్టాలు వేలాడదీసి రోజుల తరబడి చెమ్మగా ఉంచాలి. 4 డిగ్రీల సెల్సియస్ కంటే చలి ఉంటే తాపీ పట్టకూడదు. ఆ లోయలో అక్టోబరు దాటాక పని ఆపేసి వసంతం దాకా ఆగడమే మేలు.