కారు డోరు బీడింగు ఊడితే

శ్రోతలకు నమస్కారం. సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు ఎక్కించేటప్పుడు పక్క బండి రాసుకున్నా, కాలవగట్టు మీద ఎదురొచ్చిన కొబ్బరికాయల లారీకి దారిస్తూ తుమ్మకంపలోకి ఒరిగినా, కారుకు ముందు తగిలేది డోరు మీద అడ్డంగా ఉండే ప్లాస్టిక్ పట్టీకే, అదే బీడింగు. అది ఉన్నదే అందుకు. దెబ్బ అది తింటే రేకు బతుకుతుంది.

అలా ఊడి వేలాడే బీడింగుకు చాలామంది చిన్న ట్యూబులో వచ్చే క్విక్ గమ్ము రాసి నొక్కేస్తారు. నెల తిరక్కుండానే మళ్లీ ఊడుతుంది. ఎందుకంటే, పొద్దుటికీ మధ్యాహ్నానికీ రేకు వేడిలో 30 డిగ్రీలు తేడా వస్తే, మీటరు పొడవున్న ప్లాస్టిక్ బీడింగు 2, 3 మిల్లీమీటర్లు సాగుతుంది. కిందనున్న ఇనప రేకు అర మిల్లీమీటరు కూడా సాగదు. గట్టిపడి పెళుసెక్కే గమ్ము ఈ లాగుడికి పగిలిపోతుంది. పైగా చుట్టూ తెల్లటి పొర కడుతుంది. కంపెనీవాళ్లు వాడేది రెండు వైపులా అంటుకునే మెత్తటి అక్రిలిక్ ఫోమ్ టేపు. అది బీడింగుతో పాటు తనూ కాస్త సాగుతుంది, అందుకే నిలుస్తుంది.

బీడింగు పగిలిందా, దాన్ని తిప్పి వెనక అచ్చులో ఉన్న అక్షరాలు చదవండి, అది ఏ రకం ప్లాస్టిక్కో అవే చెప్తాయి. ఏబీఎస్ అని ఉంటే ఎపాక్సీతో, అంటే రెండు ట్యూబులు కలిపి రాసే గమ్ముతో, అతుకు నిలుస్తుంది. పీపీ, అంటే పాలీప్రొపిలీన్ అని ఉంటే మామూలు గమ్ము ఏదీ పట్టదు. వెనకవైపు సన్నటి స్టీలు జాలీ పెట్టి సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించి అతకాలి. చివర ముక్క పోయిందంటే మాత్రం ఆ తంటాలన్నీ ఎందుకు, కొత్తది తెచ్చుకోవడమే మేలు. షాపుకు వెళ్లేటప్పుడు ఛాసిస్ నంబరు 17 అంకెలూ అక్షరాలూ రాసుకెళ్లండి. ఒకే మోడల్లో ఏడాదికీ వేరియంటుకీ బీడింగును రేకుకు పట్టి ఉంచే క్లిప్పుల తీరు మారుతుంది.

తీసే పద్ధతి చెప్తాను. ముందు బీడింగు పై అంచు వెంట మాస్కింగ్ టేపు అతికించండి. కొత్తది ఎక్కడ పెట్టాలో చూపించే గీత అదే. హెయిర్ డ్రయ్యరుతో చెయ్యి పెట్టలేనంత వేడి కాకుండా కాస్త వెచ్చచేసి, గాలానికి కట్టే నైలాన్ దారాన్ని వెనక దూర్చి రంపంలా అటూ ఇటూ లాగండి. స్క్రూడ్రైవరు దూర్చారా, రంగు లేచిపోతుంది. మిగిలిన పాత టేపును వెచ్చచేసి, బొటనవేలితో నలుగు పిండి రాల్చినట్టు రుద్దుతూ తీయండి. మొండికేస్తే కొంచెం కిరోసిన్. థిన్నరు వద్దు, బయట షాపులో వేసిన రంగయితే కరిగిపోతుంది.

ఇప్పుడు రేకు చూడండి. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి బీడింగు వెనక తడి పట్టి ఉండి, క్లిప్పు రంధ్రాల చుట్టూ తుప్పు మొదలవుతుంది. దాని మీదే టేపు వేస్తే తుప్పు పొలుసుతో సహా ఊడొస్తుంది. 120 నంబరు గరుకు కాగితంతో మెరిసే రేకు కనిపించేదాకా, ఆపైన 320తో నున్నగా రుద్ది, ఎపాక్సీ ప్రైమరు, రంగు వేయండి. కొత్త రంగు మీద కనీసం వారం ఆగాకే టేపు. రంధ్రం దగ్గర నీరు దిగకుండా సిలికాన్ రాయాలనుకుంటే వెనిగర్ వాసన వచ్చే రకం కొనొద్దు. ఆ వాసన అసిటిక్ ఆమ్లానిది, ఆ ఆమ్లమే మళ్లీ రేకును తింటుంది.

అతికించే రోజు ఎండగా ఉండాలి, బండి మాత్రం నీడలో ఉండాలి. ధనుర్మాసంలో పొద్దున్నే మంచు పడిన రేకు మీద ఏ టేపూ పట్టదు, తొమ్మిది దాటనివ్వండి. ఐసోప్రొపైల్ ఆల్కహాలు, నీళ్లు సమంగా కలిపి, శుభ్రమైన గుడ్డతో రేకునూ బీడింగు వెనకవైపునూ తుడవండి. కిరోసిన్ జిడ్డు మిగిలితే పనంతా వృథా. పీపీ బీడింగుకైతే టేపు పట్టడానికి ముందు పూసే టేపు ప్రైమరు కూడా పూయాలి. టేపును బీడింగు వెనక, దాని అంచుకు 2 మిల్లీమీటర్లు లోపలికి వేయండి. మాస్కింగ్ గీతకు ఆనించి ఒక చివర నుంచి పెట్టుకుంటూ పోయి, జానెడు జానెడుకీ పది సెకన్లు గట్టిగా అదమండి. చివర్లు పాత అచ్చు దాటకూడదు, దాటితే తలుపు తీసినప్పుడు పక్క రేకుకు కొట్టుకుంటుంది. ఈ టేపు పట్టు 20 నిమిషాల్లో సగం, ఒక రోజుకు 90 శాతం, 72 గంటలకు పూర్తిగా వస్తుంది. అందాకా నీళ్లు కొట్టి కడగొద్దు.

గ్లాసు అడుగునుండే బయటి రబ్బరు సంగతి కూడా చెప్పాలి. లంకల ఇసుక దాని పెదవిలో చేరి గ్లాసు మీద నిలువు గీతలు పెడుతుంది. మార్చాలంటే గ్లాసు పూర్తిగా దించండి. కొన్ని కార్లలో తలుపు అంచున ఒక స్క్రూ ఉంటుంది, ముందు దాన్ని విప్పాలి. ఆ తరువాత ప్లాస్టిక్ పట్టీతో వెనక చివర నుంచి పైకి లేపండి. కొత్తది అరచేత్తో తట్టి కూర్చోబెట్టి, గ్లాసు రెండు మూడుసార్లు ఎత్తి దించి చూడండి. పనిలో పనిగా డోరు అడుగు అంచున ఉండే చిన్న రంధ్రాల్లో పేరుకున్న బురదను సన్నపుల్లతో తీసేయండి. రబ్బరు ఎంత కొత్తదైనా వానకు గ్లాసు వెంట కొంత నీరు తలుపులోకి దిగుతూనే ఉంటుంది. అది బయటికి పోయే దారి ఆ రంధ్రాలే.