పేరు చెరిపినంత మాత్రాన

సభకు నమస్కారం.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్ళలో నానినప్పుడు, వరద తీశాక ఏ జ్వరాలు వస్తాయోనన్న బెంగ విజయవాడలో అందరికీ ఉండేది. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో తిరిగినవారికి సోకే లెప్టోస్పైరోసిస్ సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో బయటపడుతుంది. అప్పటికి మనిషి ఇంట్లో బురద కడుక్కుని మామూలు పనిలో పడి ఉంటాడు. జ్వరం వస్తే ఒకరు ప్రభుత్వాసుపత్రికి, ఒకరు వీధి చివరి క్లినిక్‌కి వెళతారు. గుంటూరులో బంధువుల ఇంట తలదాచుకున్నవారు అక్కడే చూపించుకుంటారు. ఏ డాక్టరుకూ ఒకటి రెండు కేసులకు మించి కనబడవు. ఆ కేసు షీట్లన్నీ ఒక్కచోట చూడగలిగితేనే జబ్బు ఫలానా కాలనీలో మొదలైందని తెలుస్తుంది. అలా చూసేటప్పుడు రోగి ఎవరో తెలియకుండా ఎంతవరకు దాచగలమన్నదే ఈరోజు నేను మాట్లాడదలచిన విషయం.

రికార్డుల్లోంచి అంటువ్యాధి గుట్టు పట్టుకోవడం పాత విద్యే. 1847లో వియన్నా ప్రసూతి ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, మంత్రసానులు చూసే వార్డులోకన్నా వైద్య విద్యార్థులు చూసే వార్డులో బాలింతలు ఎక్కువగా చనిపోతున్నారని లెక్కల్లో గమనించి, శవపరీక్ష గది నుంచి వచ్చేవారి చేతులు క్లోరిన్ నీటితో కడిగించాడు. ఆయనకు మొత్తాలు చాలు. ఏ బాలింత పేరూ అక్కర్లేదు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరుకు మాత్రం మరణించినవారి చిరునామాలు కూడా కావలసివచ్చాయి, ఎందుకంటే ఎవరు బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్ళు తాగారన్నదే అక్కడ అసలు ప్రశ్న. కాబట్టి అన్ని పరిశోధనలకూ ఒకే కత్తెర పనికిరాదు.

పేరు, ఫోను, ఆధార్, ఆభా (ఆరోగ్య ఖాతా) నంబర్లు కొట్టేస్తే రికార్డు అనామకమైపోయిందని మనలో చాలామంది అనుకుంటారు. 1990లలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో అలాగే పేర్లు తీసేసి ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి రికార్డులను పరిశోధనకు ఇచ్చారు. లతాన్యా స్వీనీ అనే విద్యార్థిని 20 డాలర్లతో కేంబ్రిడ్జి ఓటర్ల జాబితా కొని, పుట్టిన తేదీ, లింగం, మన పిన్‌కోడు వంటి జిప్‌కోడు పోల్చి చూసేసరికి సాక్షాత్తు ఆ రాష్ట్ర గవర్నరు విలియం వెల్డ్ రికార్డు దొరికింది. మన పల్లెల్లో చాలామంది ఆధార్ కార్డుల మీద పుట్టిన తేదీ జనవరి 1 అనే ఉంటుంది. ఆ అలసత్వం ఈ ఒక్క విషయంలో మనకు కాపలా కాస్తున్నట్టుంది!

చిక్కంతా ఎక్కడంటే, మనిషిని పట్టించే తేదీ, చోటు అనే ఆ రెండే అంటువ్యాధి పరిశోధనకు ప్రాణం. మధుమేహాన్ని పరిశోధించేవారికి రోగి మార్చిలో వచ్చాడా జూన్‌లో వచ్చాడా అన్నది పెద్ద తేడా కాదు. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి విరేచనాలు ప్రబలినప్పుడు ఏ రోజు, ఏ వీధి అన్నదే సర్వస్వం.

దీనికి ఒక ఉపాయం ఉంది. ఒక్కో రోగి తేదీలన్నిటినీ ఒకే లెక్కన కొన్ని రోజులు ముందుకో వెనక్కో జరిపితే, ఆసుపత్రిలో చేరిన రోజుకూ కల్చర్‌కు, అంటే క్రిములను పెంచి చూసే పరీక్షకు, రక్తం తీసిన రోజుకూ మధ్య ఎడం చెడదు. చేరిన 48 గంటల తరువాత మొదలైన ఇన్ఫెక్షన్‌ను సాధారణంగా ఆసుపత్రిలో సోకినదిగా లెక్కిస్తారు గనుక, ఐసీయూ ఇన్ఫెక్షన్ల పరిశోధనకు జరిపిన తేదీలతో పని నడుస్తుంది. అదే పని వరద జ్వరాల రికార్డులకు చేస్తే సెప్టెంబరు రోగి ఆగస్టులో పడి, వరదకు ముందే వరద జ్వరం కనబడుతుంది. అక్కడ తేదీని ఉన్నదున్నట్టు ఉంచి, ఇంటి నంబరు బదులు కాలనీ పేరుతో, వయసు బదులు పదేళ్ళ గుంపుతో సరిపెట్టుకోవాలి.

అన్నిటికన్నా ప్రమాదం చేతిరాత నోట్సులో ఉంటుంది. ‘బడి హెడ్‌మాస్టరు, కొడుకు మన ల్యాబులోనే పనిచేస్తాడు’ అని కేసు షీటులో ఒక్క ముక్క ఉంటే, పై గళ్ళన్నీ చెరిపినా ఆయనెవరో ఊరంతటికీ తెలిసిపోతుంది. జబ్బు క్షయో హెచ్‌ఐవీయో అయితే ఆ కుటుంబం పడే బాధ మీకు చెప్పనక్కర్లేదు. నా మట్టుకు నేను, చేతిరాత నోట్సును పరిశోధకులకు అసలు ఇవ్వవద్దనే అంటాను.

రోగికి సంకేత సంఖ్య ఇచ్చినంత మాత్రాన కూడా రికార్డు అనామకం కాదు. తిరిగి వచ్చిన ఇన్ఫెక్షన్ అదే మనిషిదా అని తెలియడానికి ఆ సంఖ్య కావాలి గాని, ఏ సంఖ్య ఎవరిదో చెప్పే పట్టిక ఉన్నంతకాలం అది ముసుగు మాత్రమే. ఆ పట్టికను పరిశోధకుడి ల్యాప్‌టాప్‌లో ఉంచకూడదు. ఆసుపత్రి రికార్డుల విభాగమే భద్రపరచాలి.

2020లో ఇంగ్లండులో ఓపెన్‌సేఫ్లీ అనే పరిశోధన వేదిక ఇంకో దారి తొక్కింది. కోవిడ్‌తో ఎవరికి ప్రాణాపాయం ఎక్కువో తెలుసుకోవడానికి సుమారు 1.7 కోట్ల మంది రికార్డులను పరిశోధకుల చేతికి ఇవ్వకుండా, వారు రాసిన ప్రోగ్రామునే రికార్డులున్న చోట నడిపి, మొత్తాల పట్టికలను మాత్రం బయటికి రానిచ్చారు. మన జిల్లా ఆసుపత్రులకు ఇది ఇప్పట్లో అందేది కాకపోయినా, ఒకరిద్దరు రోగులే ఉన్న చిన్న అంకెల గళ్ళను కప్పి పట్టికలు ఇవ్వడం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

2023 నాటి మన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఫలానా వ్యక్తి మీద నిర్ణయం తీసుకోవడానికి వాడనంతవరకు, నిర్దేశిత ప్రమాణాలకు లోబడి, పరిశోధనకు మినహాయింపు ఇచ్చింది. మినహాయింపు ఉంది కదా అని రోగికి చెప్పడం మానుకోకూడదు. ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడినవారి కంటికి ఆనే ఎత్తులో, మీ రికార్డులో ఏది తీసేస్తాం, ఏది ఉంచుతాం, వద్దనుకుంటే ఎవరిని అడగాలి అని నాలుగు తెలుగు వాక్యాలు రాసిపెట్టాలి. చదువు రానివారికి చీటీ రాసే మనిషే ఆ నాలుగు మాటలూ నోటితో చెప్పాలి.