జైలు బయట కుట్టిన బొమ్మలు

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్నవాళ్ళ పేర్లూ బిరుదులూ అన్నీ చదివి మొదలుపెట్టడం మన ఆనవాయితీ. నాకిచ్చింది పావుగంట. అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం. పెద్దలు ఏమీ అనుకోవద్దు.

దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు ఆడవాళ్ళ కుట్టు బొమ్మల గురించి మాట్లాడమన్నారు. గోడల మీద ఫొటోలు చూసే ఉంటారు. వీటిని అర్పియేరాలు అంటారు. 1973 సెప్టెంబర్ 11న సైన్యం అక్కడ ఎన్నికైన అధ్యక్షుడు అయెందే ప్రభుత్వాన్ని కూల్చింది, సైన్యాధిపతి పినోచెట్ గద్దెనెక్కాడు. రాజధాని శాంటియాగోలో ఫుట్‌బాల్ ఆడే నేషనల్ స్టేడియాన్నే జైలు చేశారు. ఇళ్ళలోంచి పట్టుకుపోయినవాళ్ళలో కొందరు ఏదో ఒక జైల్లో తేలారు. వెయ్యిమందికి పైగా ఎక్కడా తేలలేదు. తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్ళు స్టేడియం గేటు, జైలు గేటు, ఆసుపత్రి, శవాల గది అన్నీ తిరిగారు. ఎక్కడికెళ్ళినా "మీవాడు మా దగ్గర లేడు" అనే మాటే. ఆ తిరుగుడులోనే ఒకరికొకరు పరిచయమయ్యారు.

చర్చిల తరఫున పెట్టిన ఒక సహాయ కమిటీ ఈ ఆడవాళ్ళకి కూర్చునే చోటు, సూదీ దారం ఇచ్చింది. ఆ కమిటీని పినోచెట్ మూయించాడు. 1976లో అక్కడి చర్చి పెద్ద, కార్డినల్ సిల్వా ఎన్రీకెజ్ అదే పనిని ఇంకో పేరుతో, ఈసారి నేరుగా చర్చిలో భాగంగానే, మళ్ళీ మొదలుపెట్టించాడు. కళ కోసం కుట్టారని మాత్రం అనుకోకండి. సంపాదించే మనిషి పోయాడు, పిల్లలకి తిండి కావాలి. బొమ్మలు అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయి. ముందు అది.

కింద గోనెగుడ్డ, పైన పాతబట్టల ముక్కలు. ఆండీస్ కొండలు, ఎండ, రంగురంగుల ఇళ్ళు. దూరం నుంచి చూస్తే చిన్నపిల్లల పుస్తకంలో బొమ్మలా ఉంటుంది. దగ్గరికెళ్ళి చూడండి. ఇంటి ముందు పోలీసు వ్యాను. భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీ. కొందరైతే పోయినవాళ్ళ బట్టల్లోంచే ముక్కలు కత్తిరించి కుట్టారు. కొన్నిటికి వెనకాల చిన్న జేబు, అందులో ఒక చీటీ. దేశం దాటించి బయట అమ్మారు. దేశాన్ని అప్రదిష్టపాలు చేస్తున్నారని ప్రభుత్వ అనుకూల పత్రికలు తిట్టిపోశాయి.

ఇక్కణ్ణుంచి నేను రాసుకొచ్చిన కాగితం పక్కన పెడుతున్నా.

మా నాన్న ఎమర్జెన్సీలో, విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద ముషీరాబాద్ జైల్లో ఉన్నారు. ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉన్నది ఆ స్థలంలోనే. 1975 డిసెంబర్ 1న నక్సలైట్ ఉద్యమంలోని రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీసింది అక్కడే. ఆ కబురు తెలిసిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మా నాన్నకి శిక్ష లేదు, అసలు విచారణే లేదు. అయినా ఆయన ఉన్నదీ ఆ జైల్లోనే కదా.

నాన్న జైలు నుంచి గొప్ప ఉత్తరాలు రాసేవారు. దేశం, చరిత్ర, మేము చదవాల్సిన పుస్తకాలు. అమ్మ జవాబుగా ఇన్‌లాండ్ లెటర్ రాసేది. బియ్యం తాతయ్య పంపారు, చిన్నదానికి జ్వరం తగ్గింది, ఇంటాయన అద్దె కోసం మళ్ళీ వచ్చాడు. నాన్న విడుదలై వచ్చినప్పుడు పుస్తకాలు తెచ్చుకున్నారు. అమ్మ ఉత్తరాలు లేవు. ఎక్కడున్నాయని అమ్మ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆయన పోయాక, ప్రత్యేక సంచిక వేసే ఒక కమిటీవాళ్ళు ఇంటికొచ్చారు. పేరు చెప్పను, ఇప్పుడెందుకు. నాన్న ఉత్తరాలు భద్రంగా కవర్లో పెట్టుకున్నారు. ఇంకేమైనా ఉన్నాయా అమ్మా అన్నారు. అమ్మ ట్రంకుపెట్టె తీసి ఒక బొంత తెచ్చింది. నాన్న పాత పంచెలు, మా పొట్టి గౌన్లు కలిపి ఆ రోజుల్లో కుట్టింది. ఒక మూల గొలుసుకుట్టుతో మా ఇంటి గుమ్మం, గోడకి ఆనించిన నాన్న సైకిల్. వాళ్ళు చూసి నవ్వారు. మర్యాదగానే నవ్వారు. "ఇవి ఇంటి సామాన్లు కదమ్మా, ఉత్తరాలు చాలు" అన్నారు. అమ్మ మడతపెట్టి లోపల పెట్టేసింది. ఆ మాట నాకు ఇప్పటికీ మండుతుంది.

అందుకే నాకు ఈ చిలీ బొమ్మలంటే ఇంత పట్టు. లోపలున్నవాడు రాస్తే జైలు సాహిత్యం అంటాం, ముందుమాటలు రాస్తాం, సభలు పెడతాం. బయట మిగిలిన మనిషి చేసింది ఇంటి సామాను. చిలీలో మాత్రం ఆ ఇంటి సామాను ఇప్పుడు శాంటియాగోలో, 2010లో తెరిచిన స్మృతి మ్యూజియంలో ఉంది. 1978 మార్చి 8న ఆ ఆడవాళ్ళు జంటగా చేసే క్వేకా నాట్యాన్ని ఒంటరిగా చేశారు. గుండెల మీద మాయమైన మనిషి ఫొటో, పక్కన జోడీ లేదు. దాని గురించే గంట మాట్లాడొచ్చు, టైం లేదు.

ఇదంతా పాత కథ అనుకునేవాళ్ళకి ఒక్క మాట. అమలాపురం నుంచి ఢిల్లీ వెళ్ళిన ప్రొఫెసర్ సాయిబాబా, మావోయిస్టులతో సంబంధాలున్నాయన్న కేసులో నాగపూర్ జైల్లో ఉండగా 2020 ఆగస్టులో తల్లి చనిపోయింది. చివరిచూపుకి పెరోల్ రాలేదు. 2024 మార్చిలో హైకోర్టు నిర్దోషి అంది. అక్టోబర్‌లో ఆయనా పోయారు. ఆయన జైలు కవితలు మన దగ్గర ఉన్నాయి. ఆ తల్లి ఎదురుచూసిన ఏళ్ళు ఏ పుస్తకంలో ఉన్నాయి?

ముందు వరుసలో తలలు నెరిసినవాళ్ళు చాలామంది కనిపిస్తున్నారు. మీ ఇళ్ళలోనూ ట్రంకుపెట్టెలు ఉంటాయి. ములాఖత్‌కి అన్నం పట్టుకెళ్ళిన సంచి, పద్దుల పుస్తకం, దిండు గలీబు, ఏదైనా సరే. రేపు సాయంత్రం దాకా ఈ హాల్లో పిల్లలు కెమెరా పెట్టుకుని కూర్చుంటారు. ఫొటో తీసుకుని మీది మీకు ఇచ్చేస్తారు. దయచేసి ఉతికి, ఇస్త్రీ చేసి మాత్రం తేకండి. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, కూర్చుంటా.