మిర్చి గోడౌనులో మండువా

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. గుంటూరులో పొగాకు, పత్తి, మిర్చి వ్యాపారాల కోసం కట్టిన పాత గోడౌన్లలో కొన్ని, ఊరు పెరిగిన కొద్దీ ఇళ్ల మధ్యకు వచ్చేశాయి. సరుకు యార్డుకూ శీతల గిడ్డంగులకూ తరలిపోయాక, మంగళూరు పెంకు కప్పుతో, మందపాటి ఇటుక గోడలతో, తాళం వేసి ఉన్న ఆ కట్టడాలను కూల్చాలా, లేక ఇళ్లుగా మార్చుకోవాలా అన్న ప్రశ్న వాటి వారసులకు ఎదురవుతోంది. పాత కట్టడాల మరమ్మతుల్లో అనుభవమున్న ఒక సివిల్ ఇంజనీరు గారు ఈ రోజు మనతో ఉన్నారు. ఇంజనీరు గారూ, అటువంటి గోడౌనులోకి అడుగు పెట్టగానే మీరు మొదట చూసేది గోడల బలమా, కప్పు బలమా?

అతిథి: రెండూ కాదమ్మా, నేను మొదట టేపు పట్టుకుని దాని వెడల్పు కొలుస్తాను. గోడౌనును కట్టిందే వెలుతురు లోపలికి రాకుండా ఉండేందుకు. ఎండ తగిలితే మిర్చి రంగు వెలిసిపోతుంది కాబట్టి, కప్పుకు దగ్గరగా చిన్న గవాక్షాలు పెట్టి సరిపెట్టేవారు. మనిషికి కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. మన జాతీయ భవన నియమావళి ప్రకారం, కిటికీ నుంచి 7.5 మీటర్లు దాటిన భాగాన్ని వెలుతురు అందుతున్న భాగంగా లెక్కించకూడదు. గోడౌను 20 మీటర్ల వెడల్పుంటే, రెండు పక్కలా ఎంత పెద్ద కిటికీలు పెట్టినా, నడుమ 5 మీటర్ల పట్టీ పగలే చీకటిగా ఉంటుంది. మనలాంటి తేమ, వేడి కలిసిన ప్రాంతాల్లో కిటికీల వైశాల్యం గది నేలలో ఆరో వంతుకు తగ్గకూడదని కూడా అదే నియమావళి చెబుతోంది.

వ్యాఖ్యాత: ఆ లెక్కను పట్టించుకోకుండా గదులు చేసేవారు కూడా ఉంటారు కదా?

అతిథి: ఒక దేశమే పట్టించుకోలేదమ్మా. ఇంగ్లండులో 2013లో, మామూలు ప్రణాళికా అనుమతి లేకుండానే ఆఫీసు భవనాలను ఇళ్లుగా మార్చుకోవచ్చని సడలింపు ఇచ్చారు. దాంతో అసలు కిటికీయే లేని ఫ్లాట్లు, మంచం వేస్తే నడవడానికి చోటు మిగలని ఫ్లాట్లు పుట్టుకొచ్చాయి. నివాస గదులన్నింటికీ తగినంత సహజమైన వెలుతురు ఉండి తీరాలన్న షరతు 2020లోనూ, ఒక్కరి కోసం కట్టే ఫ్లాటుకైనా 37 చదరపు మీటర్లు ఉండాలన్న కొలత 2021లోనూ వచ్చాయి. ఈలోగా తయారైన ఇళ్లలో జనం ఉంటూనే ఉన్నారు.

వ్యాఖ్యాత: అయితే మన గోడౌను నడుమ ఉన్న చీకటి పట్టీని ఏం చేయాలి?

అతిథి: దాని పైకప్పు తీసేయాలి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు, మన మండువా లోగిలి అదే కదా! నడుమ ఆకాశం కనిపించే ఖాళీ స్థలం, దాని చుట్టూ వసారా, వసారాలోకి తెరుచుకునే గదులు. వియన్నాలో 1890ల చివర కట్టిన నాలుగు గ్యాసు ట్యాంకుల ఇటుక కట్టడాలను 2001 నాటికి ఇళ్లుగా మార్చినప్పుడు కూడా, ఒక్కొక్కటీ 60 మీటర్లకు పైగా వెడల్పు ఉన్నందువల్ల, మూడింటిలో నడుమ భాగాన్ని ఖాళీగా ఉంచి, ఇళ్లను చుట్టూ పేర్చారు. మనవాళ్లు మాత్రం ఈ మాట చెప్పగానే, పైసా పెట్టి కొన్న జాగాను ఆకాశానికి వదిలేయమంటారేమిటని నన్ను కోప్పడతారు.

వ్యాఖ్యాత: కప్పు తీస్తే కట్టడం బలహీనపడదా?

అతిథి: తీసే పద్ధతిని బట్టి ఉంటుంది. కప్పును మోసే త్రికోణపు చట్రాలను ట్రస్సులంటాం. రెండు ట్రస్సుల మధ్యనున్న పెంకులనూ వాసాలనూ మాత్రమే తీసి, ట్రస్సులను అలాగే నిలబెట్టాలి. తల తగులుతోందనో, చూపుకు అడ్డమనో ట్రస్సు కింది దూలాన్ని కోస్తే, ఇంతకాలం అది లాగి పట్టుకున్న గోడలు పైభాగంలో బయటకు తోసుకుపోతాయి. గోడల్లో కిటికీలకు రంధ్రాలు కొట్టేటప్పుడు కూడా ఇంతే జాగ్రత్త కావాలి. గానుగ సున్నంతో కట్టిన ఆ గోడలే బరువు మోస్తున్నాయి. 2016 నాటి భూకంప నియమావళిలో మన గుంటూరు, విజయవాడలు మూడో జోనులో, అంటే ఓ మోస్తరు భూకంప ప్రమాదం ఉన్న ప్రాంతంలో ఉన్నాయి. కాబట్టి మూలలకు దూరంగా, ఒక్కొక్కటిగా, ముందు లింటెలు, అంటే పై గోడ బరువు మోసే అడ్డ దూలం, వేసి, ఆ తరువాతే కింద ఇటుక తీయాలి.

వ్యాఖ్యాత: మిర్చి ఘాటు సంగతి?

అతిథి: ఘాటు మీకు తుమ్ము తెప్పించి తన ఉనికిని చెబుతుంది కాబట్టి దాని గురించి నాకు భయం లేదు. చెప్పనిదే ప్రమాదం. పాత గోడౌన్లలో పురుగు పట్టకుండా గమాక్సిన్ పొడి చల్లేవారు. దాన్ని, అంటే బి.హెచ్.సి.ని, మన దేశంలో 1997లో నిషేధించారు గాని, అది త్వరగా నశించే మందు కాదు. నేల పగుళ్లలో, గోడ అడుగు భాగపు ప్లాస్టరింగులో మిగిలి ఉండవచ్చు. కాబట్టి నేలనూ, నడుము ఎత్తు వరకు ప్లాస్టరింగునూ తడుపుతూ గీకించి, పనివాళ్లకు మాస్కులు ఇచ్చి, ఆ చెత్తను తోటలో పోయకుండా విడిగా పంపించాలి. మధ్యలో ఎప్పుడో ఆస్బెస్టాస్ రేకులు వేసి ఉంటే వాటిని పగలగొట్టకుండా, మేకులు ఊడదీసి, నిండు రేకులుగా దించాలి. గీకిన చోట మళ్లీ సున్నమే పూయాలి. సిమెంటు పూస్తే గోడలోని చెమ్మకు బయటికి దారి లేక, రెండు వానాకాలాలకే పొక్కులు తేలుతుంది.

వ్యాఖ్యాత: గోడౌనుకు ఇంటికంటే మెరుగైన గుణం ఏదైనా ఉందా?

అతిథి: ఉందమ్మా, దాని అరుగు. లారీ తొట్టి ఎత్తుకు సరిపోయేలా కట్టిన గోడౌను నేల, వీధి కంటే మూడు నాలుగు అడుగులు పైన ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లు మునిగినప్పుడు, ఆ ఎత్తు విలువేమిటో విజయవాడ వాళ్లకు తెలిసింది. దానికంటే లోతుగా వచ్చే వరదకు అది చాలదనుకోండి. అదనపు గది కోసం కప్పు కింద అటక వేసే ఆలోచన మాత్రం మానుకోవాలి. పెంకు కింద వేడి గాలి చేరే చోటు అదే. మే నెలలో అక్కడ పడుకోలేరు.

వ్యాఖ్యాత: కాగితాల పని ఎక్కువా?

అతిథి: ఓపిక ఉంటే అయ్యే పనే. కట్టడం వినియోగం మారుతోందని నగరపాలక సంస్థకు దరఖాస్తు చేసుకుని, ప్లాను మంజూరు చేయించుకున్నాకే సుత్తి పట్టాలి. కరెంటు కనెక్షనును వాణిజ్య కేటగిరీ నుంచి గృహ కేటగిరీకి మార్పించుకోవాలి, లేకపోతే దీపం వెలిగించినా వ్యాపారపు ధరే పడుతుంది. ఇక గోడౌనులో ఏ మూలో ఒక్క మరుగుదొడ్డి ఉంటుంది గనుక, కొత్త స్నానాల గదులనూ వంటగదినీ ఒకే గోడ వెంట వరుసగా పెట్టుకుంటే, గొట్టాలకు వాలు దొరుకుతుంది, నేలంతా తవ్వే ఖర్చు తప్పుతుంది. మండువాలో పడే వాన నీటికి వేరే గొట్టం వేయాలి. తుపాను రోజు కుంభవృష్టిని మరుగుదొడ్డి గొట్టం మోయలేదు.

వ్యాఖ్యాత: చివరిగా, మూతపడిన సినిమా హాళ్లను కూడా ఇలాగే మార్చవచ్చా అని ఒక శ్రోత అడిగారు.

అతిథి: హాలును వద్దంటాను. కిటికీ అన్నదే లేని పెట్టె, వాలుగా ఉన్న నేల, మధ్యలో బాల్కనీ. వీటన్నింటినీ సరిచేసేసరికి పాతదాంట్లో మిగిలేది బయటి గోడలే. ముందు భాగంలో టికెట్ కౌంటర్ల పైనుండే ఆఫీసు గదులకు మాత్రం వీధివైపు కిటికీలు ఉంటాయి. వాటిని ఇళ్లుగా మార్చుకోవచ్చు.