పంటు ముందా, వంతెన ముందా? నరసాపురం నుంచి అంతర్వేది చుట్టి రావడం

అందరికీ నమస్కారం.

ఒక రోజంతా ఊళ్ళ మీదుగా సైకిల్ తొక్కి, బయలుదేరిన చోటికే తిరిగి రావాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలో చెప్పమన్నారు. సూత్రాలు వల్లిస్తే వెనక వరుసలో ఉన్నవాళ్ళకి నిద్రొస్తుంది. అందుకని ఒకే ఒక్క రూటు తీసుకుని మాట్లాడతాను.

నరసాపురంలో బయలుదేరతాం. గోదావరి రేవులో పంటు, అంటే మనుషుల్నీ బళ్ళనీ దాటించే పెద్ద పడవ, ఎక్కి అవతల సఖినేటిపల్లిలో దిగుతాం. అక్కణ్ణుంచి సముద్రం ఒడ్డునున్న అంతర్వేది. తర్వాత మలికిపురం, దిండి మీదుగా వచ్చి చించినాడ వంతెన దాటి, దిగమర్రు దగ్గర మలుపు తిరిగి మళ్ళీ నరసాపురం. గోదావరి పాయల్లో ఒకటైన వశిష్ఠని రెండుసార్లు దాటుతాం, ఒకసారి పంటు మీద, ఒకసారి వంతెన మీద. మొత్తం 60 కిలోమీటర్ల చిల్లర. కనబడిన ప్రతి గట్టు మీదకీ మళ్ళే అలవాటుంటే 70 అనుకోండి.

"ఇంతేనా, అంతా చదునే కదండీ" అంటారు. అక్కడే చాలామంది దెబ్బతింటారు. కొండదారిలో ఎక్కడం ఎంత కష్టమైనా దిగేటప్పుడు కాళ్ళకి విశ్రాంతి దొరుకుతుంది. డెల్టాలో దిగుడు ఉండదు. పెడల్ ఆపితే సైకిల్ ఆగిపోతుంది. మూడు గంటలు ఒకే భంగిమలో కూర్చుంటే మొదట పట్టు తప్పేది కాళ్ళు కాదు, అరచేతులు తిమ్మిరెక్కుతాయి, నడుం పట్టేస్తుంది. అరగంటకోసారి లేచి నిలబడి తొక్కండి. ఈ రూటు మొత్తంలో ఎక్కుడు అనదగ్గది చించినాడ వంతెన ఒక్కటే.

ఇక అసలు సంగతి. పంటు ముందా, వంతెన ముందా? ఫోన్‌లో మ్యాపు తెరిస్తే రెండూ ఒకటే, దూరం ఎటు తిరిగినా అంతే. నా మాట వింటే పంటు ముందు. ఎందుకంటే పంటు మన చేతిలో లేనిది. గోదావరికి నీళ్ళొస్తే ఆపేస్తారు, రిపేరు వస్తే ఆగిపోతుంది. పొద్దున్నే రేవుకి వెళ్ళి అది లేదని తెలిస్తే నష్టం లేదు, టీ తాగి వంతెన వైపు మళ్ళొచ్చు. అదే వంతెన ముందు దాటి, ఊరంతా తిరిగి, సాయంత్రం సఖినేటిపల్లి రేవులో దిగాక పంటు లేదంటే? నరసాపురం ఎదురుగా కనబడుతూనే ఉంటుంది, మీరు మాత్రం చీకట్లో దిండి దాకా తిరిగి తొక్కాలి. రోజు మొత్తంలో ఖాయం కాని పని ఏదైనా ఉంటే దాన్ని పొద్దున్నే పెట్టుకోండి. మొదటి పంటు ఎన్నింటికో ముందురోజు సాయంత్రమే రేవులో అడగండి. ఇంటర్నెట్‌లో వెతక్కండి.

వరదల కాలంలో ధవళేశ్వరం వార్త చూసుకోండి. ఎగువన అక్కడి గోదావరి బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది వచ్చిందంటేనే ఈ రూటు మానుకోండి. ఆ రోజుల్లో నది మధ్య లంకల్లో ఉండే ఊళ్ళవాళ్ళే పడవల మీద తిరుగుతుంటారు, మధ్యలో మన సరదా ఎందుకు?

పంటుకి ఓటు వేయడానికి రెండో కారణం గాలి. పొద్దున్న నేల మీద నుంచి సముద్రం వైపు సన్నగా వీస్తుంది. పది, పదకొండు దాటి నేల వేడెక్కాక తిరగబడి సముద్రం మీద నుంచి లోపలికి కొడుతుంది. కాబట్టి పొద్దున్నే సముద్రం దగ్గరికి వెళ్ళిపోయి, గాలి లేచాక వీపు దానికిచ్చి మలికిపురం వైపు రావాలి. అన్ని నెలల్లోనూ ఈ లెక్క అచ్చంగా కుదరదు. చలికాలంలో ఈశాన్యపు గాలి ఎదురు కొట్టే రోజులు ఉంటాయి. అయినా వెళ్ళాల్సింది ఆ కాలంలోనే, డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరిని ఏం చేసిందో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. సంక్రాంతి మూడు రోజులూ మాత్రం వద్దు, కార్లన్నీ ఆ రోడ్ల మీదే ఉంటాయి. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో కల్యాణం. ఆ వారం సైకిల్‌తో ఊళ్ళోకి అడుగు పెట్టలేరు, బస్సెక్కి భక్తితో వెళ్ళండి.

చలికాలంలో ఇంకో చిక్కు మంచు. తెల్లవారుజామున పది గజాల అవతల లారీ కనబడదు. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు పగలైనా వెలగాల్సిందే. కోతల టైములో రోడ్డు సగం మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. దాని మీద నుంచి పోనివ్వకండి. చక్రం జారుతుందని ఒక భయం, రైతు తిడతాడని ఇంకో భయం, రెండోది న్యాయమైనది.

అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనం చేసుకోవాలనుకుంటే సంచిలో ఒక పంచె పెట్టుకోండి. ఒంటికి అతుక్కున్న సైక్లింగ్ నిక్కర్లతో గుళ్ళోకి వెళ్తే బాగుండదు. అక్కణ్ణుంచి గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు వెళ్ళొచ్చు, కానీ ఇసుకలో సన్న టైర్లు దిగబడతాయి, నడిపించుకుని వెళ్ళాలి. అమావాస్య, పౌర్ణమి పోట్లప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వస్తున్నాయో ముందు అక్కడివాళ్ళని అడగండి.

మలికిపురం వైపు వచ్చేటప్పుడు తొందరపడకండి. కారులో పోతే అంతా కొబ్బరి పచ్చదనమే అనిపిస్తుంది. సైకిల్ వేగంలో తేడా తెలుస్తుంది. కేశనపల్లి, శంకరగుప్తం వైపు మళ్ళితే తలలు రాలిపోయి మొండాలు మిగిలిన కొబ్బరి చెట్లు కనబడతాయి. సముద్రపు ఉప్పునీళ్ళు డ్రైను (పొలాల మురుగు కాలువ) పట్టుకుని పైకెక్కడం వల్ల అలా అయ్యాయి. పచ్చటి తోట ఎక్కడ ఆగిందో, అలాంటివి ఎక్కడ మొదలయ్యాయో చూసుకుంటూ తొక్కండి. ఆ రైతులతో రెండు నిమిషాలు మాట్లాడితే నేను ఇక్కడ చెప్పేదానికన్నా ఎక్కువ తెలుస్తుంది. ఫొటో తీసుకునే ముందు అడగండి.

తిండి గురించి పెద్దగా చెప్పను, గోదావరి జిల్లాలో ఆకలితో పడిపోయినవాడు లేడు. ఒక్క జాగ్రత్త. మధ్యాహ్నం కడుపునిండా భోజనం చేసి వంతెన ఎక్కకండి. కొబ్బరి బొండాంలో పొటాషియం బాగానే ఉంటుంది గానీ చెమటలో పోయే ఉప్పుకి అది చాలదు. ఉప్పేసిన మజ్జిగ తాగండి.

ఇక పంక్చర్. గట్ల మీద తుమ్మ ముళ్ళు ఉంటాయి, రెండు ట్యూబులు తప్పదు. టైరు 28 మిల్లీమీటర్లు ఉంటే బాగు, 32 అయితే ఇంకా బాగు. ఊళ్ళో సైకిల్ షాపు అతను పంక్చర్ మీకన్నా బాగా వేస్తాడు, కానీ మీ ట్యూబుకి గాలి కొట్టే మూతి సన్నగా ఉండే ప్రెస్టా వాల్వ్ రకమైతే, దానికి బైకుల కంప్రెసర్ గొట్టం పట్టదు. అది పట్టేలా చేసే, వేలెడంత కూడా లేని ఇత్తడి అడాప్టర్ ఒకటి వస్తుంది, సీటు కింద సంచిలో పడేయండి.

హైదరాబాద్ నుంచి రైల్లో నరసాపురం వచ్చేవాళ్ళు సైకిల్‌ని స్టేషన్ పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి, ఆఖరి నిమిషంలో వెళ్తే టెన్షన్ పడతారు. తిరుగు రైలు రాత్రికి ఉంటే దానికి ముందు చైను మంచినీళ్ళతో కడిగి, తుడిచి, నూనె వేయండి. ఉప్పుగాలి ఒక్క రాత్రిలోనే తుప్పు పట్టించేస్తుంది.

ఇక మీరు అడగండి.