మసకబారే తార, కొత్తగా వెలిగిన సూపర్‌నోవా: కంటితో కొలిచేదెలా?

నమస్కారం. ఉత్తర కిరీటం అనే తారా మండలంలో ఆర్ కరోనే బొరియాలిస్ అనే తార ఉంది. మామూలుగా దాని మ్యాగ్నిట్యూడ్ (వెలుగు కొలత; అంకె పెరిగేకొద్దీ తార మసకైనట్టు) 6, బైనాక్యులర్స్‌లో సులువుగా దొరుకుతుంది. ఒక్కోసారి చెప్పాపెట్టకుండా మసి కప్పుకుంటుంది. మసి అన్నది మాటవరసకు కాదు. ఆ తార వెళ్లగక్కిన కార్బన్ నిజంగానే ధూళిగా మారి మనకు అడ్డం వస్తుంది. 2007 జూలైలో మొదలై 2009 నాటికి 15 దాకా పడిపోయింది. తొమ్మిది మ్యాగ్నిట్యూడ్ల తేడా, అంటే వెలుగు దాదాపు 4000వ వంతుకు చేరినట్టు.

ఇలాంటి తారను కొలవాలంటే ఆవ్‌సో (మారే తారలను గమనించేవారి అమెరికన్ సంఘం, AAVSO) చార్ట్ తీసుకోండి. అందులో పోలిక తార (వెలుగు ముందే తెలిసిన తార) పక్కన 72 అని ఉంటే అది 7.2. చుక్క పెడితే అదీ ఒక తారే అనుకుంటామని తీసేశారు. మీ తార కన్నా కాస్త ప్రకాశవంతమైనదొకటి, కాస్త మసకైనదొకటి ఎంచుకోండి. అవి 72, 78 అనుకుందాం. మీ తార వెలుగు 72 నుంచి 78 వైపు మూడో వంతు దూరంలో ఉంటే 7.4 అని రాయండి. సమయం యూటీలో (యూనివర్సల్ టైమ్) రాయాలి.

తప్పులు జరిగేది ఇక్కడే. ఎర్ర తారను తదేకంగా చూస్తే అది అంతకంతకూ ప్రకాశవంతంగా అనిపిస్తుంది. చటుక్కున చూసి చూపు తిప్పేయండి, ఫోకస్ కొంచెం చెదరగొట్టండి. రెండు తారలు ఒకదాని పైన ఒకటి ఉన్నా కన్ను మోసపోతుంది. తల వంచి, వాటిని కలిపే గీత మీ రెండు కళ్ల వరసకు సమాంతరంగా వచ్చేలా చూసుకోండి. అన్నిటికన్నా చెడ్డది నిన్నటి అంకె గుర్తుండటం. పాత నమోదుల పుస్తకం తెరవకుండా కొలవండి.

తార అసలు కనబడకపోతే? చాలామంది ఆ రాత్రిని వదిలేస్తారు, అది నష్టం. ఆ చుట్టుపక్కల స్పష్టంగా కనబడిన అత్యంత మసక పోలిక తార 12.6 అయితే, 12.6 కన్నా మసక అని నమోదు చేయండి. టెలిస్కోప్ డబ్బా మీద రాసిన పరిమితి వేయకండి, ఆ రాత్రి మీ కంటికి అందినదే వేయాలి. తార ఏ రోజుకి ఎంత పడిపోయిందో తేల్చేది ఇలాంటి నమోదులే.

ఇక సూపర్‌నోవా, అంటే పేలిపోతున్న తార. 2023 మే 19న ఎం101 గెలాక్సీలో జపాన్‌కు చెందిన ఇతగాకి కనిపెట్టిన 2023ఐఎక్స్‌ఎఫ్‌నే తీసుకోండి. దొరికినప్పుడు 14.9, కొద్ది రోజుల్లోనే 11 దాటి వెలిగింది. చిక్కేమిటంటే దాని పక్కనే ఎన్‌జీసీ 5461 అనే నెబ్యులా (వెలిగే వాయు మేఘం) మచ్చ ఉంది, దాన్నే సూపర్‌నోవా అనుకునే ప్రమాదం. మ్యాగ్నిఫికేషన్ పెంచండి: గెలాక్సీ వెలుగు పలచబడుతుంది, తార మాత్రం చుక్కగానే నిలుస్తుంది. నెబ్యులాలోని ఆక్సిజన్ వెలుగును మాత్రమే వదిలే ఓ-త్రీ ఫిల్టర్ పెడితే నెబ్యులా మిగులుతుంది, సూపర్‌నోవా మసకబారుతుంది. దీన్ని మించిన పరీక్ష కంటిచూపుకు లేదు.

గెలాక్సీ వెలుగు నేపథ్యంలో ఉంటే సూపర్‌నోవాను ఎక్కువ ప్రకాశంగా అంచనా వేసేస్తాం. పోలిక తారలు చీకటి ఆకాశంలో ఉంటాయి కదా. కెమెరాలోనూ ఇదే బెడద. అక్కడైతే పేలుడుకు ముందు తీసిన ఫొటోలోని గెలాక్సీ వెలుగును కొత్త ఫొటోలోంచి తీసివేయొచ్చు. డీఎస్‌ఎల్‌ఆర్ అయితే ఆకుపచ్చ ఛానల్ మాత్రమే వాడండి, తార సాచురేట్ కాకుండా (వెలుగు కెమెరా కొలవగల హద్దు దాటకుండా) ఎక్స్‌పోజర్ తగ్గించండి.

మీ ఫొటోలో కొత్త చుక్క కనబడిందా? వెంటనే ప్రకటించకండి. టెలిస్కోప్‌ను కొద్దిగా జరిపి మళ్లీ తీయండి. చుక్క ఫ్రేమ్‌లో అదే చోట ఉండిపోతే అది హాట్ పిక్సెల్, అంటే కెమెరా సెన్సర్‌లోని లోపం. అరగంట తర్వాత ఇంకోటి తీయండి, జరిగితే ఆస్టరాయిడ్. జరగకపోయినా ఆస్టరాయిడ్ల లెక్క ఉంచే మైనర్ ప్లానెట్ సెంటర్ జాబితా చూడాల్సిందే, నెమ్మదిగా నడిచేవీ ఉంటాయి. తర్వాత అదే గెలాక్సీ పాత ఫొటోతో పోల్చండి. ఇవన్నీ దాటాక, కొత్తగా వెలిగినవాటికి పేర్లు పెట్టి నమోదు చేసే ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్‌లో వెతకండి. ఆటోమేటిక్ సర్వేలు రోజూ ఆకాశాన్ని జల్లెడ పడుతున్నాయి కాబట్టి, చాలాసార్లు ఆ చుక్కకి పేరు ముందే పెట్టేసి ఉంటుంది. అయినా కొలవడం ఆపకండి, వారాల తరబడి అది ఎలా తగ్గుతుందో చెప్పేందుకు మీ అంకెలూ పనికొస్తాయి.